తెర మీది పిక్సెల్స్‌ను టెక్స్చర్‌లోకి తీసుకోవడం: ప్రకాశం బ్యారేజీ నీడ సాక్షిగా

ఈమధ్య మా మేనల్లుడు ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని గుంటూరు నుంచి విజయవాడ వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టు కోసం ప్రకాశం బ్యారేజీని ఓపెన్‌జీఎల్‌లో (గ్రాఫిక్స్ కార్డు చేత బొమ్మలు గీయించే ఫంక్షన్ల సమూహం) గీశాడు. భవానీ ద్వీపం వైపు నుంచి పడవలో వస్తూ చూస్తే ఎలా కనిపిస్తుందో అలా. 70 గేట్లూ లెక్క తప్పకుండా పెట్టాడు. పైన వరసగా దీపాలు, ఎడమ పక్కన ఇంద్రకీలాద్రి. కింద కృష్ణమ్మ మాత్రం నీలిరంగు పూసిన అట్టముక్కలా ఉంది.

"మావయ్యా, దీపాల నీడ నీళ్లలో పడాలి. తెర మీద గీసినదాన్నే తీసుకుని మళ్లీ వాడొచ్చట. ప్రయత్నిస్తే అంతా నల్లగా వస్తోంది" అన్నాడు.

నేను ఫంక్షన్ హాళ్ల ఎల్ఈడీ తెరలకు విజువల్స్ చేసి బతుకుతున్నవాణ్ణి. ఈ నలుపుతో నాకు చాలా ఏళ్ల పరిచయం. ఆ రోజు వాడికి చెప్పినదంతా వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లు నేర్చుకోవడం పెద్ద పని కాదు, అవి రెండో మూడో ఉంటాయి. గీసిన పిక్సెల్స్ ఏ క్షణంలో ఎక్కడ ఉంటాయన్నది మనసులో స్పష్టంగా ఉండాలి. అది తెలియకుండా రాసిన కోడ్ ఒక కంప్యూటర్‌లో పనిచేసి ఇంకో కంప్యూటర్‌లో నల్లబడుతుంది.

కోడ్ ముట్టుకోకముందు

ఆ పిక్సెల్స్ మీకు ఎందుకు కావాలో ముందు తేల్చుకోండి. తిరిగి తెర మీదే ఇంకో రూపంలో గీయడానికైతే (నీళ్లలో ప్రతిబింబం, అద్దం, మసకబారిన నేపథ్యం లాంటివి) అవి గ్రాఫిక్స్ కార్డు మెమరీ దాటి బయటికి రాకూడదు. బొమ్మగా ఫైల్‌లో దాచుకోవాలంటే మాత్రం ర్యామ్‌లోకి తేక తప్పదు. ఇంకో ప్రోగ్రామ్ విండోలో ఉన్న బొమ్మ కావాలంటే అది ఓపెన్‌జీఎల్ పనే కాదు, దానికి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. విండోస్ 8 నుంచి డెస్క్‌టాప్ డూప్లికేషన్ అనే ఏర్పాటు ఉన్నది అందుకే.

మావాడు మొదటి రకం పనికి రెండో రకం దారి పట్టాడు. జీఎల్ రీడ్ పిక్సెల్స్‌తో తెరంతా ర్యామ్‌లోకి లాగి, దాన్నే జీఎల్ టెక్స్ ఇమేజ్ 2డీతో మళ్లీ కార్డులోకి పంపుతున్నాడు. గుంటూరు యార్డులో కొన్న మిర్చిని లారీకెత్తి విజయవాడ తెచ్చి, మళ్లీ గుంటూరు యార్డుకే తోలి అమ్మినట్టు. 1920×1080 తెరకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లు. సెకనుకు 60 సార్లంటే దాదాపు 50 కోట్ల బైట్లు వచ్చే దారిలో, అంతే మొత్తం పోయే దారిలో. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రీడ్ పిక్సెల్స్ అని అడగగానే, అప్పటిదాకా ఇచ్చిన గీత పనులన్నీ కార్డు పూర్తి చేసేదాకా ప్రాసెసర్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. వాడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ అంత మోత పెట్టడానికి కారణం ఇదే.

మొదటి అడుగు: టెక్స్చర్‌కు చోటు కేటాయించడం

టెక్స్చర్ అంటే కార్డు మెమరీలో ఉండే, ఆకారాల మీద పరచగల బొమ్మ. ఈ పని ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చేయాలి. జీఎల్ జెన్ టెక్స్చర్స్‌తో ఒక టెక్స్చర్ పేరు తీసుకుని, జీఎల్ బైండ్ టెక్స్చర్‌తో దాన్ని పట్టుకుని, జీఎల్ టెక్స్ ఇమేజ్ 2డీకి డేటా స్థానంలో నల్ ఇచ్చి ఖాళీ చోటు అడగండి. కోడ్‌లో ఈ పేర్లన్నీ మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాస్తారని తెలుసుగా. లోపలి ఫార్మాట్ ఆర్‌జీబీ8 చాలు. పారదర్శకత అవసరం లేనప్పుడు ఆల్ఫా అడగొద్దు.

వెడల్పు, ఎత్తు విండో కొలతలు కావు, ఫ్రేమ్‌బఫర్ (గీసిన పిక్సెల్స్ నిజంగా పడే మెమరీ) కొలతలు. చాలా చోట్ల రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు. మాక్ రెటీనా తెర మీద 800×600 విండో వెనక 1600×1200 ఫ్రేమ్‌బఫర్ ఉంటుంది. అక్కడ విండో కొలతలు ఇస్తే బొమ్మలో ఎడమ కింది పావు భాగమే కాపీ అవుతుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ (ఓపెన్‌జీఎల్‌కు విండో తెరిచి ఇచ్చే లైబ్రరీ) వాడేవాళ్లు గెట్ ఫ్రేమ్‌బఫర్ సైజ్‌ను అడగండి.

ఇక ఫిల్టర్. మావాడి నలుపుకు మొదటి కారణం ఇక్కడే దొరికింది. కొత్త టెక్స్చర్‌ను చిన్నదిగా చూపేటప్పుడు మిప్‌మ్యాప్‌లు వాడాలన్నది ఓపెన్‌జీఎల్ మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. అంటే అదే బొమ్మకు సగం, పావు, అరపావు సైజుల నకళ్లు కూడా ఉంటాయని అది ఎదురుచూస్తుంది. మనం పెద్ద బొమ్మ ఒక్కటే ఇస్తాం. ఆ టెక్స్చర్ అసంపూర్తి కింద లెక్క, షేడర్ (కార్డు మీద పిక్సెల్ రంగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్) దాన్ని చదివితే నలుపే వస్తుంది. ఎర్రర్ కూడా రాదు. అందుకే మినిఫికేషన్ ఫిల్టర్‌ను లీనియర్‌కు మార్చండి. ర్యాప్‌ను (బొమ్మ అంచు దాటి చదివితే ఏం ఇవ్వాలన్న నియమం) అడ్డం, నిలువు రెండు వైపులా క్లాంప్ టు ఎడ్జ్ చేయండి, లేకపోతే పై అంచు రంగు కింది అంచులోకి కారుతుంది.

రెండో అడుగు: కాపీ చేసే వరస

కాపీకి రెండు ఫంక్షన్లున్నాయి, రెండూ 1997 నాటి ఓపెన్‌జీఎల్ 1.1 నుంచి ఉన్నవే. జీఎల్ కాపీ టెక్స్ ఇమేజ్ 2డీ పిలిచిన ప్రతిసారీ టెక్స్చర్ నిర్వచనాన్నే మళ్లీ మొదటి నుంచి రాస్తుంది. జీఎల్ కాపీ టెక్స్ సబ్ ఇమేజ్ 2డీ ఉన్న చోటులోనే కొత్త పిక్సెల్స్ నింపుతుంది. ప్రతి ఫ్రేమ్‌కూ చేసే పనికి రెండోదే వాడండి.

దానికి ఎనిమిది విలువలు ఇవ్వాలి. మొదటిది టార్గెట్, అంటే టెక్స్చర్ 2డీ. రెండోది మిప్‌మ్యాప్ మెట్టు, 0. తర్వాతి రెండు టెక్స్చర్‌లో ఎక్కడి నుంచి నింపాలో: 0, 0. ఆ తర్వాతి రెండు తెర మీద ఎక్కడి నుంచి తీయాలో: ఇవీ 0, 0. చివరి రెండు వెడల్పు, ఎత్తు. చాలామంది తడబడేది మధ్య నాలుగు దగ్గర. ముందు గమ్యం, తర్వాత మూలం. ఇంకోటి, ఓపెన్‌జీఎల్‌లో 0, 0 అంటే ఎడమ కింది మూల. ఎడమ పై మూల అనుకుని సగం తెర కాపీ చేయబోతే బ్యారేజీకి బదులు నీళ్లు వస్తాయి.

మూలం ఏమిటన్నది ఈ ఎనిమిదింటిలో ఎక్కడా లేదని గమనించారా? అప్పుడు చదవడానికి కట్టి (బైండ్ చేసి) ఉన్న ఫ్రేమ్‌బఫర్ ఏదైతే అదే మూలం. మనం ఏదీ మార్చకపోతే అది విండో తాలూకు బ్యాక్ బఫర్.

మూడో అడుగు: ఎప్పుడు కాపీ చేయాలి

డబుల్ బఫర్ (చూపేదానికి ఒకటి, వెనక గీసేదానికి ఒకటి) ఉన్న విండోలో మనం గీసేదంతా బ్యాక్ బఫర్‌లో పడుతుంది. స్వాప్ బఫర్స్ అన్నాక అది తెర మీదికి వెళుతుంది. ఆ తర్వాత బ్యాక్ బఫర్‌లో ఏముంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. పాత ఫ్రేమ్ ఉండొచ్చు, అంతకు ముందుది ఉండొచ్చు, చెత్త ఉండొచ్చు. మావాడు స్వాప్ అయ్యాక కాపీ చేస్తున్నాడు. "తెర మీదికి వచ్చాకే కదా మావయ్యా తెర పిక్సెల్స్ అంటాం" అన్నాడు. మాట వరకు వాడిది నిజమే, కానీ కార్డు లెక్క వేరు.

వరస ఇలా ఉండాలి. తెర తుడవండి. ఆకాశం, కొండ, బ్యారేజీ, దీపాలు గీయండి. నీళ్లు గీయకండి. ఇప్పుడు కాపీ చేయండి. ఆ టెక్స్చర్‌తో నీళ్లు గీయండి. అప్పుడు స్వాప్.

మధ్యలో ఒక పరీక్ష పెట్టుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. బ్యారేజీ బదులు తెర నాలుగు మూలల్లో నాలుగు రంగుల చదరాలు గీయండి: ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు. కాపీ చేసి, ఆ టెక్స్చర్‌ను తెర మధ్యలో చిన్న పలకగా చూపించండి. నాలుగు రంగులూ తమ తమ మూలల్లో ఉంటే పని సరిగా ఉన్నట్టు. ఒక రంగే పెద్దదై పలకంతా పరుచుకుంటే కొలతలు తప్పు. తలకిందులైతే పలకకు ఇచ్చిన నిలువు కోఆర్డినేట్లు తప్పు. మొత్తం నలుపైతే ఫిల్టరో వరసో తప్పు. నేను ఇప్పటికీ కొత్త మెషీన్ మీద ముందు ఈ నాలుగు చదరాలే గీస్తాను.

నాలుగో అడుగు: నీళ్లు

నీళ్ల షేడర్‌లో జీఎల్ ఫ్రాగ్‌కోఆర్డ్ విలువను తెర కొలతలతో భాగిస్తే ఆ పిక్సెల్ తెర మీద ఎక్కడుందో 0 నుంచి 1 లోపు తెలుస్తుంది. దీనికీ మూలం ఎడమ కిందే, మన టెక్స్చర్‌కూ అంతే, కాబట్టి ప్రత్యేకంగా తిప్పే పని లేదు. నీటి గీత ఎత్తును ఒడ్డు అనుకుందాం. ప్రతిబింబానికి చదవాల్సిన నిలువు విలువ 2 × ఒడ్డు − ఇప్పటి నిలువు. ఒడ్డు 0.5 దగ్గర ఉంటే తెర అడుగున ఉన్న పిక్సెల్ తెర పై అంచును చదువుతుంది. 0.6 దగ్గర పెడితే అడుగున 1.2 వస్తుంది, అంత ఎత్తులో పిక్సెల్స్ లేవు, పై అంచు రంగే చారలుగా సాగుతుంది. రాత్రి ఆకాశమైతే ఎవరూ పట్టుకోరు. పగటి దృశ్యమైతే ఒడ్డును 0.5 దాటనివ్వకండి.

ఇంతవరకు చేస్తే అద్దం వస్తుంది, నది రాదు. మావాణ్ణి సాయంత్రం దుర్గాఘాట్‌కు తీసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టాను. చీకటి పడ్డాక చూస్తే నీళ్లలో దీపం గుండ్రటి చుక్కలా ఉండదు, మన వైపుకు పొడవాటి గీతలా సాగి ఉంటుంది. అడ్డంగా కొద్దిగా వణుకుతుంది, నిలువుగా బాగా చెదురుతుంది. దూరాన బ్యారేజీ కాళ్ల దగ్గర ఆ చెదురు చిన్నది, మన కాళ్ల దగ్గరికొచ్చేసరికి పెద్దది. ఈ మూడు సంగతులూ షేడర్‌లోకి తేవాలి.

అడ్డం విలువకు ఒక సైన్ అల కలపండి, ఎత్తు 0.003 దగ్గర. నిలువు విలువకు ఇంకో సైన్ అల, దానికి మూడింతలు, అంటే 0.009. రెండూ కాలంతో కదలాలి, వేగాలు మాత్రం ఒకటి కాకూడదు. ఒకటైతే నీళ్లు కాదు, గాలికి ఊగే గుడ్డలా కనిపిస్తుంది. ఒడ్డు నుంచి ఎంత కిందికి వస్తే అంత పెరిగేలా రెండింటినీ ఆ దూరంతో హెచ్చించండి. గీతలా సాగడం కోసం నిలువుగా ఐదు చోట్ల టెక్స్చర్ చదివి సగటు తీయండి. చివర్లో రంగును 0.6తో హెచ్చించి కొద్దిగా ఆకుపచ్చ నీలం కలిపితే కృష్ణ రంగు వస్తుంది.

ఒక చిక్కు ఉంది. అల వల్ల చదివే చోటు ఒడ్డు కిందికి జారితే, కాపీ చేసేటప్పటికి నీళ్లు గీయలేదు కాబట్టి, అక్కడ తెర తుడిచిన రంగే ఉంటుంది. నీటి గీత వెంట రంపపు పళ్లలా ఆ రంగు తొంగిచూస్తుంది. చదివే నిలువు విలువ ఒడ్డు కన్నా తగ్గకుండా మ్యాక్స్‌తో ఆపేయండి.

ఇది అసలైన ప్రతిబింబం కాదన్నది గుర్తుంచుకోవాలి. తెర మీద కనిపించిన బొమ్మను తిప్పడమే. వంతెన అడుగు భాగం నీళ్లలో కనిపించాలన్నా, కెమెరా కిందికి వంగి చూడాలన్నా ఇది చాలదు, దృశ్యాన్ని నీటి మట్టానికి తలకిందులు చేసి రెండోసారి గీయాలి. దూరం నుంచి ఎదురుగా చూసే దృశ్యానికి మాత్రం ఈ పద్ధతే నాకు నచ్చుతుంది, ఖర్చు చాలా తక్కువ.

సైజు మారినప్పుడు

ఈ సంగతి నేను ఒక పెళ్లి రిసెప్షన్‌లో నేర్చుకున్నాను. ల్యాప్‌టాప్ తెర 1366×768. ఇంట్లో అంతా సరిచూసుకున్నాను. హాల్లో విండోను ఎల్ఈడీ తెర మీదికి జరిపితే అది 1920×1080 అయింది. వేదిక వెనక నీటి అలలు కదలాలి. పెళ్లికూతురు లోపలికి వచ్చే వేళకు దీపాలు వెలుగుతున్నాయి, అలలు ఊగుతున్నాయి, ప్రతిబింబం మాత్రం ఐదు నిమిషాల కిందటి బొమ్మ దగ్గరే ఆగిపోయింది. ఆ పూట నేను పడ్డ బాధ చెప్పలేను. వాళ్ల జీవితంలో ఒక్కసారి వచ్చే క్షణం అది.

జరిగింది ఇదీ: టెక్స్చర్ చోటు 1366×768 దగ్గరే ఉంది. అందులో 1920×1080 నింపమంటే సబ్ ఇమేజ్ ఫంక్షన్ ఇన్‌వ్యాలిడ్ వాల్యూ అనే ఎర్రర్ పెట్టి ఏమీ చేయకుండా వెనక్కి వస్తుంది. సరిపోయినంత మేర కూడా నింపదు. పాత బొమ్మ అలాగే ఉండిపోతుంది. నేను జీఎల్ గెట్ ఎర్రర్ అడగనే లేదు. అడిగి ఉంటే 1281 అని చెప్పేది.

కాబట్టి ఫ్రేమ్‌బఫర్ సైజు మారినప్పుడు వచ్చే కాల్‌బ్యాక్‌లో (లైబ్రరీ తనే పిలిచే మన ఫంక్షన్‌లో) టెక్స్చర్‌కు కొత్త సైజుతో మళ్లీ చోటు అడగండి. విండోను కిందికి దించినప్పుడు (మినిమైజ్ చేసినప్పుడు) విండోస్‌లో ఆ సైజు 0×0 గా వస్తుంది. అప్పుడు ఆ ఫ్రేమ్‌ను వదిలేయండి.

కాపీ లేకుండా: ఎఫ్‌బీఓ

ఇంతా అయ్యాక మావాడు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "కాపీ ఎందుకు మావయ్యా, నేరుగా టెక్స్చర్ మీదే గీయలేమా?"

గీయొచ్చు. 2008లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 3.0 నుంచి ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్, అంటే ఎఫ్‌బీఓ, మనమే తయారుచేసుకునే ఫ్రేమ్‌బఫర్, అందరికీ అందుబాటులో ఉంది. జీఎల్ జెన్ ఫ్రేమ్‌బఫర్స్‌తో ఒకటి తయారుచేసి, మన టెక్స్చర్‌ను దానికి రంగు అటాచ్‌మెంట్‌గా, ఒక రెండర్‌బఫర్‌ను (టెక్స్చర్‌లా చదవనక్కర్లేని బఫర్) డెప్త్ అటాచ్‌మెంట్‌గా (ఏది ముందు, ఏది వెనక అన్న లెక్కకు) తగిలించాలి. తర్వాత జీఎల్ చెక్ ఫ్రేమ్‌బఫర్ స్టేటస్ అడగండి. 36053 వస్తే అంతా సవ్యం. దాన్ని కట్టుకుని బ్యారేజీ గీస్తే అది నేరుగా టెక్స్చర్‌లోనే పడుతుంది. తర్వాత 0వ ఫ్రేమ్‌బఫర్‌కు, అంటే విండోకు తిరిగొచ్చి, ఆ టెక్స్చర్‌ను తెరంతా పరిచి, దాంతోనే నీళ్లు గీయొచ్చు. వ్యూపోర్ట్‌ను (బొమ్మ పడే ప్రాంతం) ఎఫ్‌బీఓ కొలతలకు మార్చి, తిరిగొచ్చాక మళ్లీ విండో కొలతలకు మార్చడం మరవొద్దు.

ఒక టెక్స్చర్‌లోకి గీస్తూ అదే టెక్స్చర్‌ను షేడర్‌లో చదవకూడదు. ఫలితం ఎలా ఉంటుందో ఓపెన్‌జీఎల్ చెప్పదు, ఒక కార్డులో బాగుంటుంది, ఇంకో కార్డులో గళ్లు గళ్లుగా వస్తుంది. గీసేదానికి ఒకటి, చదివేదానికి ఒకటి ఉంచుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఎఫ్‌బీఓనే. సైజు విండోతో ముడిపడదు, సగం సైజులో ప్రతిబింబం గీసి ఖర్చు తగ్గించుకోవచ్చు, విండో కొంత తెర బయటికి పోయినా ఆ భాగం పిక్సెల్స్ చెడవు. విండో బఫర్ నుంచి కాపీ చేస్తే తెర బయట ఉన్న భాగానికి ఆ హామీ లేదు. ఇప్పటికే రాసి ఉన్న ప్రోగ్రామ్‌లో ఒక్క ఎఫెక్ట్ చేర్చాలంటే కాపీ పద్ధతే సులువు.

అంచులు నున్నగా ఉండాలంటే

మల్టీశాంపిల్ (ఒక్కో పిక్సెల్‌కు కొన్ని నమూనాలు తీసి కలిపి అంచులు నున్నబరిచే పద్ధతి) వాడితే ఇంకో మెట్టు ఉంది. విండో బఫర్ మల్టీశాంపిల్‌దైతే డెస్క్‌టాప్ ఓపెన్‌జీఎల్ కాపీ చేసేటప్పుడు తనే కలిపి ఇస్తుంది. మనం చేసిన ఎఫ్‌బీఓ మల్టీశాంపిల్‌దైతే కాపీ ఫంక్షన్లు 1282 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. అప్పుడు మామూలు ఎఫ్‌బీఓ ఇంకోటి చేసి, మల్టీశాంపిల్‌దాన్ని చదవడానికీ మామూలుదాన్ని గీయడానికీ కట్టి, జీఎల్ బ్లిట్ ఫ్రేమ్‌బఫర్ పిలవాలి. ఈ పనిలో రెండు దీర్ఘచతురస్రాల కొలతలూ ఒకటిగా ఉండాలి, చిన్నది చేసే పని తర్వాత విడిగా చేసుకోండి. బ్లిట్‌కు సిజర్ (గీతను ఒక దీర్ఘచతురస్రానికే పరిమితం చేసే ఏర్పాటు) వర్తిస్తుంది. ముందెక్కడో సిజర్ పెట్టి తీయడం మరిచిపోతే బొమ్మలో ఒక ముక్కే వస్తుంది.

బ్రౌజర్‌లో నడిచే రూపమైన వెబ్‌జీఎల్‌లోనూ కాపీ ఫంక్షన్లు ఇవే. కాన్వాస్‌ను ఆల్ఫా లేకుండా తయారుచేసి ఆర్‌జీబీఏ కాపీ అడిగితే ఎర్రర్ వస్తుంది. ఫ్రేమ్ అయిపోయాక బ్రౌజర్ బఫర్‌ను తుడిచేస్తుంది కాబట్టి గీసిన ఫ్రేమ్‌లోనే కాపీ చేయాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల డైరెక్ట్3డీ 11లో ఇదే పనికి కాపీ రిసోర్స్, మల్టీశాంపిల్ అయితే రిజాల్వ్ సబ్‌రిసోర్స్, అక్కడ మూలం ఎడమ పైన. ఓపెన్‌జీఎల్ తర్వాత వచ్చిన వల్కన్‌లో స్వాప్‌చెయిన్ (తెరకు వెళ్లే బొమ్మల వరస) తయారుచేసేటప్పుడే దీని నుంచి కాపీ చేస్తానని వినియోగ జెండాలో చెప్పాలి. కాపీకి ముందు బొమ్మ లేఅవుట్‌ను బదిలీ మూలంగా, తర్వాత ప్రదర్శనకు తగినట్టుగా మార్చాలి.

ఫైల్‌గా దాచుకోవడం

ప్రాజెక్టు రిపోర్టులో పెట్టడానికి మావాడికి బొమ్మ కావాలి. ఇక్కడ రీడ్ పిక్సెల్స్ తప్పదు, ఒక్క బొమ్మకైతే ఆ ఆగడం ఒక లెక్క కాదు. వీడియోలా వరసగా తీయాలంటే పిక్సెల్ బఫర్ ఆబ్జెక్టులు (ప్రాసెసర్‌ను ఆపకుండా పిక్సెల్స్ అందుకునే బఫర్లు) రెండు పెట్టుకుని, ఈ ఫ్రేమ్‌ను ఒకదానిలోకి పంపుతూ, కిందటి ఫ్రేమ్‌ను రెండోదాని నుంచి తీసుకోండి. బొమ్మ ఒక ఫ్రేమ్ ఆలస్యమవుతుంది, గీత పని పెద్దగా ఆగదు.

వాడు దాచిన బొమ్మలో బ్యారేజీ తలకిందులుగా, పైగా ఏటవాలుగా, రంగులు చెదిరి వచ్చింది. తలకిందులు ఎందుకంటే ఓపెన్‌జీఎల్ కింది వరస ముందు ఇస్తుంది, బొమ్మ ఫైళ్లు చాలావరకు పై వరస ముందు కోరతాయి. వరసలు తిరగేసి రాస్తే సరి. ఏటవాలుకు కారణం వాడి బొమ్మ వెడల్పు కూడా 1366 కావడం. పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున ఒక వరస 4,098 బైట్లు. ప్రతి వరసా 4తో భాగించబడే చోట మొదలవ్వాలన్నది మామూలు ప్యాక్ అలైన్‌మెంట్, అందుకని ఓపెన్‌జీఎల్ వరసకు 2 బైట్లు వదిలి 4,100 దగ్గర తర్వాతి వరస మొదలుపెడుతుంది. మావాడి కోడ్ 4,098 అనుకుని చదువుతోంది. వరస వరసకూ 2 బైట్లు పక్కకు జరిగి బ్యారేజీ వాలిపోయింది. అంతేకాదు, 768 వరసలకు వాడు కేటాయించిన మెమరీ దాటి ఓపెన్‌జీఎల్ 1,534 బైట్లు అవతల రాసింది. ప్రోగ్రామ్ మూసేటప్పుడు అప్పుడప్పుడు కూలిపోవడానికి కారణమూ అదే.

రీడ్ పిక్సెల్స్‌కు ముందు జీఎల్ పిక్సెల్ స్టోర్‌ఐతో ప్యాక్ అలైన్‌మెంట్‌ను 1 చేయించాను. వాడు మళ్లీ నడిపి ఫైల్ తెరిచాడు. బ్యారేజీ నిటారుగా నిలబడింది. గేట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ తెర మీద వేలు జరుపుతూ 70 దాకా వెళ్లాడు, తర్వాత నీళ్లలోని దీపాలను కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.